ప్రయాణం నుంచి నల్లులు వెంట వచ్చాయన్న అనుమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఆసుపత్రి పని మీద రెండు రాత్రులు లాడ్జిలో ఉండి నెల్లూరు తిరిగి వచ్చినవారు, హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లవారుజామున ఒంగోలులో దిగినవారు, సెలవులకు పిల్లవాణ్ణి హాస్టలు నుంచి తెచ్చుకున్నవారు అవే సందేహాలను పదేపదే అడుగుతున్నందున వాటిని ఒకచోట కూర్చాను. కొన్నేళ్ల క్రితం ఇదే బాధ మా ఇంటికీ వచ్చింది. కంగారులో నేను చేసిన మొదటి పని చేతికందిన స్ప్రే డబ్బా తీసుకుని మంచమంతా కొట్టడం, దాని ఫలితంగా ఒక గదిలో ఉన్న నల్లులు రెండు గదుల్లోకి పాకాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న దగ్గరే పూర్తి జవాబు ఉంటుంది కనుక మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇంటికి చేరిన రోజు

దిగిన లాడ్జిలో నల్లి కనిపించింది. ఇప్పుడే ఇంటికి వచ్చాను. సామాను లోపలికి తేవచ్చా?

పడకగదిలోకి మాత్రం తేవద్దు. వరండాలోనో, స్నానాల గది గచ్చు మీదనో, నేల రంగు లేతగా ఉండి పురుగు పాకితే కనిపించే చోట పెట్టెను తెరవండి. బట్టలన్నిటినీ, ఒంటి మీద ఉన్నవాటితో సహా, పాలిథిన్ సంచుల్లో వేసి మూతి గట్టిగా కట్టి, అక్కడి నుంచి నేరుగా ఉతుకుడికి పంపండి. ఖాళీ పెట్టెకు ఉన్న జిప్పు వెంబడి, లోపలి గుడ్డ కుట్ల వెంబడి, చక్రాల చుట్టూ టార్చి వేసి చూడండి. నల్లి పేనులాగా మనిషి ఒంటి మీద కాపురం ఉండదు, రక్తం పీల్చి తన దాపుకు వెళ్లిపోతుంది. అందువల్ల తలస్నానం చేసినంత మాత్రాన సమస్య తీరదు, అసలు జాగ్రత్త పడవలసింది సామాను దగ్గరే.

బట్టలు మామూలుగా సర్ఫు నీళ్లలో ఉతికితే సరిపోదా?

సరిపోదు. నల్లిని చంపేది సబ్బు కాదు, వేడి. 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ఉతికితే పెద్ద నల్లులతో పాటు గుడ్లు కూడా చనిపోతాయి. నీటిని వేడిచేసే సౌకర్యం ఉన్న వాషింగ్ మెషీన్ అయితే ఆ డిగ్రీలను ఎంచుకోండి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే, పైనుంచి బట్టలు వేసే మెషీన్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు కాబట్టి, నూలు దుప్పట్లనూ పంచెలనూ తువ్వాళ్లనూ మరిగించిన నీళ్లు పోసిన బకెట్టులో పూర్తిగా మునిగేలా ఒక గంట నానబెట్టి తరువాత ఉతకండి. ఉతికిన బట్టలను పాత సంచిలోకి మాత్రం తిరిగి సర్దవద్దు.

పట్టుచీరలు, వెంకటగిరి చీరలు వేణ్నీళ్లలో వేయలేం కదా, వాటిని ఏం చేయాలి?

రెండు దారులున్నాయి. మైనస్ 18 డిగ్రీలకు చేరే డీప్ ఫ్రీజరు అందుబాటులో ఉంటే, చీరలను గాలి చొరని కవరులో పెట్టి నాలుగు రోజులు అందులో ఉంచండి. చిన్న ఫ్రిజ్‌లలో ఉండే ఐసు అర అంత చల్లబడకపోవచ్చు కనుక దాన్ని నమ్ముకోవద్దు. రెండవది, చీరకు తగిన వేడితో మడత మడతకూ, ముఖ్యంగా అంచు వెంబడీ ఫాల్ కుట్టు వెంబడీ, నిదానంగా ఇస్త్రీ చేయడం. ఇస్త్రీ బండికి ఇచ్చేటప్పుడు మాత్రం విషయం చెప్పి ఇవ్వండి, ఆ బండి మీద పది ఇళ్ల బట్టలు ఉంటాయి.

సూట్‌కేసును ఎండలో పెడితే నల్లులు చస్తాయా?

ఏ నెలలో పెడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దాదాపు 50 డిగ్రీల వేడిలో పెద్ద నల్లులు నిమిషాలలో చనిపోతాయి. గుడ్లు మాత్రం 48 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఓర్చుకోగలవు. రోహిణి కార్తెలో, కాలు పెట్టలేనంతగా కాలే మేడ స్లాబు మీద, నల్లని పాలిథిన్ సంచిలో వదులుగా నింపి మూతి కట్టిన సామాను ఆ వేడికి చేరగలదు. అయితే సంచి పైభాగం కాలినంత మాత్రాన బట్టల మధ్యభాగం కూడా అంతే కాలిందని అనుకోకూడదు. సంచికి కొద్ది సామానే వేసి, మధ్యలో ఒక థర్మామీటరు ఉంచి, పూట పూటకూ తిప్పి వేయడం మంచిది. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు, గది వేడిని చూపేది కావాలి. సంచిలో వేయకుండా సూట్‌కేసును ఊరికే ఎండబెడితే నల్లి నీడ వైపుకు, మడతల లోపలికి జరిగిపోతుంది, లేదా దిగి ఇంటి దారి పడుతుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు పడే కాలంలో ఈ పద్ధతి జోలికే పోవద్దు. ఆ నెలల్లో వేణ్నీళ్లు, ఆవిరి, ఇస్త్రీ పెట్టె మాత్రమే ఆధారం.

రైలు బెర్తులో నల్లులున్నాయి. ఎవరికి చెప్పాలి?

139 నంబరుకు ఫోను చేసి, పీఎన్ఆర్ నంబరు, బోగీ, బెర్తు చెప్పండి. రైల్ మదద్ యాప్‌లో ఫొటోతో సహా కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రయాణంలో ఉండగానే చేస్తే ప్రయోజనం ఎక్కువ.

## అనుమానం మొదలయ్యాక

ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. అవి నల్లికాట్లా, దోమకాట్లా?

దద్దురును చూసి మాత్రమే కచ్చితంగా చెప్పడం వైద్యులకు కూడా కష్టం. నల్లికాట్లు తరచుగా మెడ, చేతులు, భుజాలు, కాళ్లు వంటి దుప్పటి కప్పని భాగాల మీద, కొన్నిసార్లు మూడు నాలుగు ఒకే వరుసలో కనిపిస్తాయి. కానీ ఆ వరుస ఉండి తీరాలన్న నియమం లేదు. చెమటకాయలు ఎండాకాలంలో మెడ, వీపు, నడుము దగ్గర సన్నని పొక్కులుగా గుంపుగా వస్తాయి. వేళ్ల సందుల్లోనూ మణికట్టు దగ్గరా రాత్రిపూట దురద పెరుగుతుంటే, ఇంట్లో మరొకరికి కూడా అలాగే ఉంటే, అది గజ్జి కావచ్చు, దానికి వైద్యం వేరు. పురుగో, దాని పొట్టో, మలం మరకో దొరికే దాకా మీది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు.

ప్రయాణం నుంచి వచ్చి పది రోజులైంది, ఇప్పుడు దద్దుర్లు వస్తున్నాయి. అంటే ఇంట్లో నల్లులు చేరినట్టేనా?

చేరాయని ఇప్పుడే చెప్పలేము. నల్లి కుట్టిన తరువాత దద్దురు తేలడానికి కొందరిలో 14 రోజుల వరకు పట్టవచ్చు, కనుక ఇవి ప్రయాణంలోని కాట్లే కావచ్చు. కానీ రోజు విడిచి రోజు కొత్త దద్దుర్లు, అదీ ఉదయం లేచేసరికి, కనిపిస్తుంటే ఇంటి మంచాన్ని వెతకడం ఇక వాయిదా వేయవద్దు.

ఒకే మంచంలో పడుకుంటున్నాం. నాకు దద్దుర్లు వచ్చాయి, మా ఆయనకు ఒక్కటీ లేదు. ఎందుకు?

ఆయనను కూడా కుడుతూ ఉండవచ్చు. నల్లి కుట్టేటప్పుడు వదిలే లాలాజలానికి శరీరం స్పందిస్తేనే దద్దురు వస్తుంది, కొందరి శరీరం అసలు స్పందించదు. “నాకేమీ లేదు కదా, నీ భ్రమ” అన్న మాట దగ్గర చాలా ఇళ్లలో నెల రోజులు గడిచిపోతాయి, ఆ నెలలో నల్లులు మరో తరానికి గుడ్లు పెడతాయి.

మాకు దొరికిన పురుగు నల్లేనా?

ఎదిగిన నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుతో, గోధుమ ఎరుపు రంగులో, పై నుంచి నొక్కినట్టు చదునుగా, రెక్కలు లేకుండా, ఆరు కాళ్లతో ఉంటుంది. రక్తం తాగాక ఉబ్బి ముదురెరుపుగా మారుతుంది. పిల్లలు లేత పసుపు రంగులో, దాదాపు పారదర్శకంగా ఉంటాయి. గుడ్డు తెల్లగా ఒక మిల్లీమీటరు ఉంటుంది. నలిపితే వచ్చే ఘాటైన వాసనను ఒకసారి చూసినవారు మరచిపోరు. బియ్యంలోని ముక్కపురుగుకు ముందుకు సాగిన ముక్కు ఉంటుంది, బొద్దింక పిల్లకు పొడవాటి మీసాలుండి చురుగ్గా పరుగెత్తుతుంది, పశువులకూ కుక్కలకూ పట్టే పిడుదుకు ఎదిగాక ఎనిమిది కాళ్లుంటాయి. దొరికిన పురుగును పారేయకుండా పారదర్శకమైన టేపు కింద అతికించి ఉంచితే ఎవరికైనా చూపించవచ్చు.

ఇంట్లో ఎక్కడెక్కడ వెతకాలి?

మంచం దగ్గర మొదలుపెట్టి బయటికి వెళ్లండి, ఎందుకంటే నల్లి తిండికి దూరంగా ఉండదు. ఏటీఎం కార్డు అంచు దూరే సందు ఏదైనా దానికి చాలినంత ఇల్లు. పరుపు కుట్లు, మూలలు, లేబులు వెనుక భాగం మొదట చూడండి. తరువాత చెక్క మంచమైతే పట్టెలు కోళ్లలో దిగే బెజ్జాలు, ఇనుప మంచమైతే గొట్టాల చివరలు, నవారు మంచమైతే నవారు పట్టెను చుట్టుకున్న మడతలు చూడండి. దోమతెర మూలల్లోని ముడులను చాలామంది మరచిపోతారు. మా ఇంట్లో అసలు గుంపు దొరికింది మంచంలో కాదు, తలవైపు గోడకు వేలాడదీసిన క్యాలెండరు వెనుక, మేకు కొట్టిన పగులులో! ఇంకా దేవుని పటాల వెనుక, స్విచ్చు బోర్డు అంచుల్లో, కిటికీ తెరల పై మడతల్లో, ప్లాస్టిక్ కుర్చీ కాళ్ల అడుగున చూడండి. సజీవ నల్లులతో పాటు నల్లని సిరా చుక్కల వంటి మలం మరకలు, లేత గోధుమ రంగు కుబుసాలు, దుప్పటి మీద రక్తపు మరకలు కూడా ఆధారాలే. పగలు వెతకడం కంటే తెల్లవారుజామున, చీకటిగా ఉండగా లేచి టార్చి వేయడం వల్ల ఫలితం ఎక్కువ.

ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, అయినా అనుమానం పోవడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

మంచాన్ని గోడకు ఒక జానెడు దూరం జరిపి, దుప్పట్లు నేలకు తగలకుండా చూసి, నాలుగు కోళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, వాటిలో రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపిన నీళ్లు పోయండి. చీమలకు భయపడి అల్మారా కాళ్ల కింద మన పెద్దవాళ్లు నీళ్ల పళ్లేలు పెట్టిన ఉపాయమే ఇది. మంచం ఎక్కబోయేవీ దిగబోయేవీ అందులో పడతాయి. నీళ్లు వద్దనుకుంటే గిన్నె గోడలకు పలుచగా టాల్కమ్ పౌడరు రాయండి, మన వంటి వేడి ప్రాంతాలలో ఉండే నల్లి జాతి నున్నటి గోడను కూడా కొంతవరకు ఎక్కగలదు, పౌడరు ఉంటే జారుతుంది. నీళ్లను మాత్రం మూడు రోజులకోసారి మార్చండి, లేకపోతే నల్లుల కోసం పెట్టిన గిన్నెలో డెంగ్యూ దోమలు పెరుగుతాయి. రెండు మూడు వారాలు ఏమీ పడకపోతే మీ అనుమానాన్ని చాలావరకు వదులుకోవచ్చు.

## కుట్టినచోట

నల్లుల వల్ల జబ్బులు అంటుకుంటాయా?

దోమలు మలేరియాను మోసినట్టు నల్లులు మనుషులకు ఏ జబ్బునూ అంటించినట్టు నిర్ధారణ కాలేదు. గోకడం వల్ల చర్మం చిట్లి చీము పట్టడం, నిద్ర చెడిపోవడం, కొందరికి తీవ్రమైన అలర్జీ రావడం మాత్రం నిజమైన ఇబ్బందులే.

దురదకు ఏం రాయాలి?

సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, కాలమైన్ లోషన్ రాయండి. పిల్లల గోళ్లు కత్తిరించండి. దురద నిద్ర పట్టనీయకపోతే మాత్ర ఏది వేసుకోవాలో వైద్యుణ్ణి అడగండి, ముఖ్యంగా గర్భిణులు, పసిపిల్లల విషయంలో. చీము, జ్వరం, చుట్టూ పాకే ఎరుపు ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.

## ఇంట్లో నిర్మూలించడం

పరుపు, మంచం బయట పారేయాలా?

సాధారణంగా అవసరం లేదు. పరుపును ఇంట్లో నుంచి ఈడ్చుకుంటూ వెళ్తే దారిపొడుగునా నల్లులు రాలుతాయి, వీధిలో పెడితే దాన్ని అవసరమున్న మరొకరు తీసుకుపోతారు. కుట్ల వెంబడి ఆవిరి పట్టించి, పరుపు మొత్తాన్ని మూసే జిప్పు కవరు తొడిగి, ఒక సంవత్సరం పాటు తీయకుండా ఉంచితే లోపల మిగిలినవి తిండి లేక చనిపోతాయి. ఆవిరి గొట్టాన్ని నిదానంగా జరపాలి, వేగంగా వదిలితే నల్లులు చావకుండా ఎగిరి పడతాయి. బూరుగు దూది పరుపు బాగా పాతదై, గుడ్డ చిరిగి లోపలి దాకా పట్టి ఉంటే మాత్రం పారేయడమే మేలు. అప్పుడు దాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి, మరెవరూ వాడలేనట్టు కోసి పారేయండి.

మా అమ్మమ్మ మంచాల మీద మరిగే నీళ్లు పోసేది. ఆ పద్ధతి ఇప్పటికీ పనికివస్తుందా?

పనికివస్తుంది, నిజానికి ఈనాటి చాలా మందుల కంటే అదే నమ్మదగినది. నులక మంచాన్ని ఎండలో నిలబెట్టి, కోళ్ల సందుల్లో, పట్టె బెజ్జాల్లో మసలే నీళ్లు పోస్తే తగిలినచోట గుడ్లతో సహా చనిపోతాయి. మంచాన్ని నేలకేసి కొట్టి దులపడం కూడా అర్థంలేని పని కాదు, రాలిన వాటిని వెంటనే చంపితే సరి. కానీ ప్లైవుడ్ మంచం మీద మరిగే నీళ్లు పోస్తే చెక్క ఉబ్బి విడిపోతుంది, అటువంటి వాటికి ఆవిరి వాడండి. నీళ్లు పోసేటప్పుడు పిల్లలను దూరంగా పంపి, చెప్పులు వేసుకోండి. ఇంట్లో మిగిలిన చోట్ల కూడా అదే వారంలో పని చేయకపోతే, శుభ్రమైన మంచం మీదికి గోడ పగుళ్లలోనివి తిరిగి వస్తాయి. ఆ పగుళ్లను పుట్టీతోనో తెల్ల సిమెంటుతోనో పూడ్చండి.

వేపాకు, కర్పూరం, కలరా ఉండలు, కిరసనాయిలు పనిచేస్తాయా?

ఇంట్లో చేరిన నల్లులను మొదటి మూడూ నిర్మూలించలేవు. కిరసనాయిలు నేరుగా తగిలిన పురుగును చంపవచ్చు గాని, దానితో తడిసిన పరుపు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. స్పిరిట్ చల్లడం కూడా అంతే ప్రమాదకరం.

ఆ గది మూసేసి నెల రోజులు హాల్లో పడుకుంటే ఆకలితో చస్తాయా?

చావవు. మన వాతావరణంలో కూడా ఎదిగిన నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు, చల్లని చోట ఇంకా ఎక్కువ కాలం బతుకుతుంది. పైగా అవి మీ ఊపిరినీ ఒంటి వేడినీ వెతుక్కుంటూ హాలు దాకా వస్తాయి, అప్పుడు శుభ్రం చేయవలసిన గదులు రెండవుతాయి. మంచాన్ని శుభ్రం చేసి, కోళ్ల కింద గిన్నెలు పెట్టి, అక్కడే పడుకోవడం వినడానికి కష్టంగా ఉన్నా సరైన పని.

## మందులు

దుకాణంలో దొరికే బొద్దింకల స్ప్రే కొట్టవచ్చా?

నేరుగా తగిలిన కొన్ని చస్తాయి, మిగిలినవి లోతుకు వెళ్లి చెదిరిపోతాయి. ఆ డబ్బాలలో ఎక్కువగా ఉండే పైరెథ్రాయిడ్ రకం మందులకు నల్లులు చాలాచోట్ల అలవాటు పడిపోయాయి, గుడ్ల మీద వాటి ప్రభావం ఇంకా తక్కువ. గదంతా పొగ నింపే డబ్బాలు సందుల లోపలికి చేరవు. దిండ్ల మీద, పసిపిల్లల పక్క మీద ఏ స్ప్రే కూడా కొట్టకూడదు.

మిరప తోటకు కొట్టే మందు ఇంట్లో మిగిలి ఉంది. కొద్దిగా కలిపి మంచానికి కొడితే?

కొట్టవద్దు. మోనోక్రోటోఫాస్ వంటి పొలం మందులు నరాల మీద పనిచేసే విషాలు. గాలి ఆడని పడకగదిలో అవి పరుపులో ఇంకి, రాత్రంతా చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి చేరతాయి. పొలంలో గాలీ ఎండా వర్షమూ తగ్గించే విషాన్ని ఇంట్లో తగ్గించేది ఏదీ లేదు. పొలానికి వాడిన స్ప్రేయరును శుభ్రం చేసి వాడినా అదే ప్రమాదం. ఇప్పటికే కొట్టి ఉంటే, కళ్లు తిరగడం, నోట్లో నీరూరడం, విపరీతమైన చెమట, వాంతులు, చూపు మసకబారడం కనిపించగానే ఆరుబయటికి తీసుకువచ్చి, మందు పడిన బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడిగి, మందు సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

రైసు మిల్లులో వాడే బిళ్లలు గదిలో పెట్టి తలుపు మూస్తే అన్నీ చస్తాయంటున్నారు. నిజమా?

నల్లులు చస్తాయి, మనుషులు కూడా చస్తారు. వరి ఎక్కువగా పండే నెల్లూరు ప్రాంతంలో మిల్లులకూ గోదాములకూ కొదవ లేదు కనుక ఈ సలహా సులువుగా చెవిన పడుతుంది, అందుకే దీని గురించి గట్టిగా చెప్పవలసి వస్తున్నది. ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. అది తలుపు కింది సందు నుంచి, గోడ పగుళ్ల నుంచి, ఏసీ గొట్టం వెళ్లే రంధ్రం నుంచి పక్క గదిలోకీ పక్క వాటాలోకీ చేరుతుంది. మీరు తలుపు మూసిన గదిలో ఎవరూ లేకపోయినా, గోడకు అవతల నిద్రపోతున్న కుటుంబం ఉండవచ్చు. ఈ విషానికి విరుగుడు మందు లేదు. శిక్షణ పొందిన వారి పర్యవేక్షణలో, మనుషులు లేని గోదాములలో వాడవలసిన వస్తువు ఇది, ఇంట్లో వాడకానికి కాదు. ఎవరైనా ఇంట్లో పెట్టినట్టు తెలిస్తే బిళ్లలను తాకవద్దు, నీళ్లు పోయవద్దు, నీరు తగిలితే వాయువు ఇంకా వేగంగా వస్తుంది. అందరినీ, పక్క వాటాల వారితో సహా, బయటికి పంపి 108కి ఫోను చేయండి.

పెస్ట్ కంట్రోల్ వారిని పిలిచే ముందు ఏమి అడగాలి?

ఏ మందు కొడతారో దాని పేరు, కీటకనాశకాల చట్టం, 1968 కింద వారికి లైసెన్సు ఉన్నదా, కొట్టాక ఎన్ని గంటలు ఇల్లు వదలాలి, ఎన్నిసార్లు వస్తారు. చాలా మందులు గుడ్లను చంపవు, మన వేడికి గుడ్లు వారం పది రోజులలో పొదుగుతాయి, కాబట్టి 10 నుంచి 14 రోజుల తరువాత రెండవసారి రాని వారి పని సగం పనే. ఒక్కసారి కొడితే జీవితాంతం రావని హామీ ఇచ్చేవారిని, మందు పేరు చెప్పనివారిని పంపించివేయండి. అక్వేరియంలో చేపలుంటే ముందే చెప్పండి, పైరెథ్రాయిడ్ మందులు చేపలకు ప్రాణాంతకం.

## చుట్టుపక్కల వారితో, ఆ తరువాత

అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఓనరుగారికి చెప్తే మమ్మల్నే తప్పు పడతారేమో?

ఆ భయం సహజమే, అయినా చెప్పండి. నల్లులు మురికికి వచ్చేవి కావు, రక్తానికి వచ్చేవి, సామానుతో ప్రయాణించేవి. ఎంత శుభ్రమైన ఇంట్లోనైనా చేరతాయి. గోడ పగుళ్ల గుండా, కరెంటు గొట్టాల గుండా పక్క వాటాకు పాకగలవు కనుక ఒక్క వాటాలోనే మందు కొట్టడం వృథా కావచ్చు. దొరికిన పురుగును టేపుకు అతికించి, తేదీ వేసి చూపిస్తే మాట తేలికవుతుంది.

రొట్టెల పండగకు చుట్టాలు వస్తున్నారు. రావద్దని ఎలా చెప్పేది?

బారాషహీద్ దర్గా దగ్గర పండగ జరిగే రోజుల్లో నెల్లూరు ఇళ్లలో పది మంది దిగడం, హాలంతా పక్కలు పరవడం మామూలే. పని ఇంకా మొదలుపెట్టకపోతే పెద్దవాళ్లకు ఫోనులో నిజం చెప్పి, వేరే ఏర్పాటు చేసుకొమ్మనడమే మర్యాద. “వదినా, మా ఇంట్లో నల్లులు పడ్డాయి, మీ పిల్లల బట్టల్లో ఎక్కి వస్తాయేమో” అంటే నొచ్చుకునేవారు తక్కువ, తమ ఇంటికి తీసుకెళ్లాక తెలిస్తే నొచ్చుకునేవారే ఎక్కువ. వేడి పని, రెండు విడతల మందు పూర్తయి ఉంటే రానివ్వవచ్చు గాని, వారి సంచులు మంచాల మీద, నేల మీద కాక కొక్కేలకు వేలాడదీయండి.

హాస్టలు నుంచి ట్రంకు పెట్టె, పరుపు వచ్చాయి. ఏం చేయాలి?

రేకు పెట్టెను ఖాళీ చేసి, బందుల్లో, మూత అంచు మడతలో మరిగే నీళ్లు పోయండి, రేకుకు నష్టం లేదు. హాస్టలు పరుపును ఇంట్లోకి తేవద్దు. పుస్తకాలను నీళ్లతో శుభ్రం చేయలేరు కాబట్టి అట్టల లోపలి అంచులు, కుట్టు భాగం చూసి, అనుమానమున్న వాటిని కవరులో మూసి నాలుగు రోజులు డీప్ ఫ్రీజరులో పెట్టండి. వార్డెనుకు కూడా తెలియజేయండి, లేకపోతే సెలవుల తరువాత వెళ్లిన పిల్లవాడు మళ్లీ తెస్తాడు.

పూర్తిగా పోయాయని ఎప్పుడు అనుకోవచ్చు?

చివరి విడత తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు కొత్త కాట్లు, మరకలు, గిన్నెల్లో పురుగులు ఏవీ లేకపోతే. గుడ్డు నుంచి గుడ్లు పెట్టే నల్లిగా ఎదగడానికి వేడి కాలంలో సుమారు అయిదారు వారాలు పడుతుంది, ఆ గడువు దాటేదాకా గిన్నెలు తీయవద్దు.

మళ్లీ ప్రయాణం ఉంది. గదిలో దిగగానే ఏం చూడాలి?

సామానును ముందు స్నానాల గదిలో పెట్టండి. దుప్పటి మూలలు ఎత్తి పరుపు కుట్లు, తలవైపు చెక్క వెనుక భాగం టార్చితో చూడండి, రెండు నిమిషాల పని. మరకలు కనిపిస్తే గది మార్చమనండి, పక్క గదో, సరిగ్గా పైదో కిందిదో కాకుండా దూరంగా ఉన్నది అడగండి. బాగుంటే సంచిని ఇనుప స్టాండు మీదనో, గోడకు దూరంగా బల్ల మీదనో ఉంచి, విడిచిన బట్టలను రెండవ మంచం మీద పడేయకుండా ఒక కవరులో వేసి కట్టండి.